కట్నపు కారును కష్టార్జితపు కారును

మా మేనకోడలు 2018వ సంవత్సరము జూను నెలలో జర్మనీ దేశపు మ్యూనిక్ నగరమునకు పోయి, తన సొంత సొమ్ముతో కొన్న స్పోర్ట్సుకారును అక్కడ కంపెనీవారి చేతులమీదుగా తీసికొని, తల్లిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆల్ప్సు పర్వతములమీదుగా రెండు వారములు తిరిగివచ్చినది. ఆ వార్త మా బంధువర్గములో లేపిన దుమారము ఇన్నేండ్లు గడచినను పూర్తిగ అణగలేదు. మొన్న నొక నిశ్చితార్థపు పందిటిలో ఆ ప్రస్తావన మరల వచ్చినది. "ఆ పిల్ల డబ్బును తగులబెట్టినది" అని యక్కడ తీర్పు చెప్పిన పెద్దలే, పది నిమిషములైన పిమ్మట, పెండ్లికుమారునికి ఏ కంపెనీ కారు పెట్టవలెనో బేరము కుదుర్చుకొనుచుండిరి. అది విని యూరకుండలేక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా ఆ పద్ధతి యేమో చెప్పవలెను. ఏలయన దూషించువారిలో పలువురకది తెలియదు. ఐరోపాలో కార్లు చేయు కొన్ని కంపెనీలు అమెరికాలోని కొనుగోలుదారులకు చిరకాలము ఒక సదుపాయమును కల్పించినవి. కొనువారు తమ యూరి డీలరువద్దనే ఒప్పందము చేసికొందురు. కారును మాత్రము అది పుట్టిన దేశమునకు పోయి స్వయముగ అందుకొందురు. కొన్నాళ్లక్కడ నడపి తిరిగి కంపెనీకి అప్పగింతురు. కంపెనీవారు దానిని ఓడమీద అమెరికాకు చేర్చుదురు. బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు అమెరికా కొనుగోలుదారులకు ఈ యేర్పాటును 2020లో నిలిపివేసిరి గాని, మా పిల్ల పోయిన నాటికది నడుచుచుండెను. ఇట్లు కొనువారికి ధరలో కొంత తగ్గింపు దొరకెడిది. ఓడ కిరాయియు, రెండు వారముల భీమాయు అందులోనే చేరియుండెను. ఎగుమతి వస్తువు గనుక జర్మనీలోని నూటికి 19 వంతుల పన్ను పడదు. అంచున ఎఱ్ఱపట్టీ గల తాత్కాలికపు నంబరు పలక తగిలించి, ఆ పట్టీమీదనే గడువు తేది వేయుదురు. పదునాలుగు దినముల అద్దె కారు ఖర్చు ఎటులను మిగులును. కనుక "ఊళ్లో దొరకు వస్తువు కొఱకు సముద్రము దాటవలెనా?" యను ప్రశ్నకు లెక్కల పుస్తకమే చాలవఱకు సమాధానము చెప్పును. మిగిలినది నేను చెప్పెదను.

ఆ పిల్ల కొన్నది ఎం2 అను రెండు తలుపుల కారు. గేర్లు చేతితో మార్చునది. 365 గుఱ్ఱముల శక్తి గలది. "సంవత్సరములో దినమునకొక గుఱ్ఱము చొప్పున ఆడపిల్లకెందుకురా?" అని మా అన్నగారు నన్నడిగిరి. దాని ఖరీదు సుమారు 55,000 డాలర్లు. అనగా నాటి మారకమున ముప్పదియైదు లక్షల రూపాయలకు మించిన మాట. చిన్న మొత్తమని నేననను. అయితే ఆమె 2012లో చదువునకై అమెరికాకు పోయినప్పుడు చేసిన బ్యాంకు ఋణమును మొదట తీర్చినది. తల్లికి ఇల్లు బాగుచేయించినది. పిమ్మట ఏండ్ల తరబడి కూడబెట్టి ఈ కోరిక తీర్చుకొన్నది. ఎవ్వరి సొమ్మును అడుగలేదు. ఎవ్వరి పొలమును అమ్మింపలేదు.

పొలము మాట వచ్చినది గనుక మా యింటి సంగతి దాచక చెప్పవలెను. 1988లో మా చెల్లెలి పెండ్లికి మా నాయనగారు ఎకరమున్నర మాగాణి అమ్మి అల్లునికి మారుతికారు పెట్టిరి. తాళపుచెవులను వెండిపళ్లెములో పసుపు కుంకుమలతో పెట్టి వియ్యాలవారి యెదుటికి తీసికొనిపోయినవాడను నేనే. అప్పటికి ఇరువదిరెండేండ్లవాడను, పట్టభద్రుడను, వీరేశలింగము పంతులుగారి పుస్తకములు చదివి సభలలో ఉపన్యసించినవాడను. పళ్లెము పట్టుకొన్న చేయి వణకలేదు. అదియే నాకిప్పటికిని సిగ్గు. మా బావ చెడ్డవాడు కాడు. కాని ఆ కారున్న పదునెనిమిదేండ్లును మా చెల్లెలు వెనుక సీటులోనే కూర్చున్నది. ముందుసీటు అత్తమామలలో ఒకరిదో, మరిదిదో, వచ్చిన యతిథిదో. ఆమె తండ్రి భూమి కరగి చక్రములైనవి. ఆ చక్రములమీద ఆమెకు ముందుచూపైనను దక్కలేదు. చదువరులారా, మీ యిండ్లలో ఈ సీట్ల వరుస యెట్లున్నదో ఒక్కసారి తలచుకొనుడు.

"ఆడదానికి కారెందుకు?" అనువారు కారు పుట్టువు నెఱుగరు. కార్ల్ బెంజ్ అను జర్మనీదేశపు ఇంజనీరు 1886లో మోటారుబండికి పేటెంటు పొందెను. అంతకు చాలముందే అతని వ్యాపారము మునిగిపోవు స్థితిలో నుండగా, నిలువబెట్టినది అతనికి కాబోవు భార్య బెర్తా. పెండ్లికి పూర్వమే తన కట్నపు సొమ్ములో భాగమును తెప్పించి ఆ సంస్థలో పెట్టినది. అనగా మొదటి మోటారుకారు వెనుక నున్నది కూడ ఒక యాడుబిడ్డ కట్నమే! అయితే ఆమె వెనుక సీటులో కూర్చుండలేదు. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నుండి తన పుట్టినిల్లున్న ఫోర్జ్‌హైమ్ వఱకు నూఱు కిలోమీటర్లకు పైబడిన దారి ఆ బండిలో పోయినది. నడుమ వీస్లోక్ అను ఊరి మందుల దుకాణములో ఇంధనము కొన్నది. గొట్టము పూడుకొనగా టోపీకి గ్రుచ్చు సూదితో తానే పొడిచి శుభ్రపఱచినది. బ్రేకులరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు కొట్టించినది. ఎత్తు వచ్చినచోట పిల్లలు బండిని త్రోసిరి. కొనువారు లేక మూలబడియున్న ఆ యంత్రము దూరప్రయాణమునకు పనికివచ్చునని లోకమునకు ఋజువైనది ఆ ప్రయాణముతోనే. పుట్టింటికి పోవుచున్నానను నెపము మన యాడువారికి తెలియనిదా? నాకీ కథలో మిక్కిలి నచ్చిన భాగమదియే.

ఇక మా పిల్ల ప్రయాణము. తల్లికూతుండ్రిరువురవి మనదేశపు పాసుపోర్టులే గనుక షెంగెన్ వీసా కావలసివచ్చినది. 30,000 యూరోల వైద్యభీమా, బ్యాంకు లెక్కలు, హోటలు కాగితములు, అన్నియు సమర్పించిన మీదట, చిక్కులేమియు లేకయే వచ్చినది. మ్యూనిక్‌లో 2007లో తెరచిన బి.ఎం.డబ్ల్యు. వెల్ట్ అను గాజు భవనములో, కొనినవారు మెట్లు దిగివచ్చుచుండగా క్రింద దీపకాంతిలో ఒక పీటమీద కారు మెల్లగ తిరుగుచుండును. ఇది వ్యాపారపు నాటకమని నాకు తెలియును. మన పెండ్లిపందిటిలో కట్నపు కారునకు పూలదండలు చుట్టి నిలుపుటయు నాటకమే. అక్కడ దిగివచ్చునది సొమ్ము చెల్లించినవారు, ఇక్కడ దిగివచ్చునది చెల్లింపనివాడు. భేదమంతే.

కారు తలుపు తీసినప్పుడు మా చెల్లెలు అలవాటు చొప్పున వెనుకకు వంగినదట. రెండు తలుపుల కారు; వెనుక సీటు ఇఱుకు. "అమ్మా, నీ చోటది కాదు" అని కూతురు ముందుసీటు చూపినది. ఆ దేశములో చక్రము ఎడమవైపున నుండును గనుక, మనదేశమున బండి నడుపువాడు కూర్చుండు కుడివైపున మా చెల్లెలు కూర్చున్నది. ఎదుట చక్రము లేకున్నను దారి యంతయు కనబడుచుండెను. "అన్నయ్యా, మొదటిదినము భయమున కన్నులు మూసికొంటిని; రెండవ దినము నుండి రెప్పవేయుటకు మనసొప్పలేదు" అని ఫోనులో చెప్పినది.

వారు ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లాక్నర్ దారిన పోయిరి. ఆ దారిని 1930లో మొదలుపెట్టి 1935లో తెరచిరి. ప్రపంచమంతట పనులు లేక జనులలమటించు రోజులవి. ఫ్రాంజ్ వలాక్ అను ఇంజనీరు పర్యవేక్షణలో వేలకొలది నిరుద్యోగులకు ఆ పని అన్నము పెట్టినది. 48 కిలోమీటర్ల పొడవు, 36 పెద్ద మలుపులు, 2,504 మీటర్ల యెత్తున హోక్‌టోర్ కనుమ. జూను నెలలోను ప్రక్కన మంచు. మా చెల్లెలు కారు దిగి చేతితో మంచు తీసి చూచినది. పిమ్మట ఇటలీలోని స్టెల్వియో కనుమ, 2,757 మీటర్లు, ప్రాటో ఊరివైపున 48 మలుపులు. దీనిని కార్లో డొనెగాని అను ఇంజనీరు 1820 నుండి 1825 వఱకు ఆస్ట్రియా ప్రభుత్వము కొఱకు కట్టించెను. గుఱ్ఱపుబండ్లకై వేసిన మలుపులలో ఈనాటి వేగపు కారు గుఱ్ఱపుబండివలెనే నడువవలసియున్నది.

వేగము మాట. "అంత బలమైన కారిచ్చి, వేగపరిమితి లేని రోడ్డుమీద వదలినచో ప్రాణములు దక్కునా?" అని కొందఱడుగుదురు. ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. కాని క్రొత్త యింజనును మొదటి 2,000 కిలోమీటర్లు పూర్తి వేగమునకు తేరాదని కంపెనీవారే నియమము పెట్టిరి. కాబట్టి హద్దులేని ఆటోబాన్‌మీద ఆ పిల్ల తన కారును అదుపులోనే యుంచుకొని, ఇతరులకు దారియిచ్చుచు పోయినది. అక్కడ పరిమితి లేనిచోట్లను గంటకు 130 కిలోమీటర్లు మించకుండుట మేలని 1978 నుండి సూచన కలదు. కుడిప్రక్కనుండి దాటిపోవుట నిషిద్ధము. దాటినవాడు వెంటనే తన వరుసకు మరలును. 2022లో జర్మనీ రోడ్లమీద సుమారు 2,800 మంది మరణించిరి. మనదేశములో ఆ యేడు మరణించినవారు 1,68,491 మంది. జనసంఖ్యలోని తారతమ్యమును లెక్కించినను మిగులు భేదము సామాన్యము కాదు. హైదరాబాదు వెలుపలి వలయపు రోడ్డుమీద అర్ధరాత్రి తండ్రి కొన్న కారుతో పందెములాడు కుఱ్ఱవాండ్రను చూచి మా పిల్లను తిట్టువారు, తిట్టును సరియైన చిరునామాకు పంపుట మంచిది.

నిజాయితీగల ఆక్షేపణ ఒక్కటి కలదు. ఆ కారు త్రాగు పెట్రోలు, విమానము, ఓడ, ఇవన్నియు గాలిని చెఱచునవే. ఆ సొమ్ముతో పదిమంది బీదపిల్లలు చదువుకొందురు. దీనికి నావద్ద గెలుపు సమాధానము లేదు. ఆమె చేసినది పుణ్యకార్యమని నేను వాదించుట లేదు. అప్పుచేసి, ఏడాది జీతమును మించిన కారు కొని, కొండయంచున నిలిపి ఫోటోలు దిగి, ఇంటికి వచ్చి వాయిదాలకై నిద్ర మానుకొనువారిని నేనును మెచ్చను. చూపుటకే కొన్న కారు మన యెదుటనే యొకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను సింహాసనము వంటి ఆసనముతో రోల్స్‌రాయిస్ కారు చేయింప నానతిచ్చి, అది వచ్చి చేరకమునుపే 1911లో కాలధర్మము చెందెను. పసుపుపచ్చని ఆ కారును చౌమహల్లా భవనములో నేడును చూడవచ్చును. అది నడచినది మిక్కిలి తక్కువ. కాని ఈ ఆక్షేపణ చేయు హక్కు, కట్నపు కారు ఎక్కనివారికి మాత్రమే కలదు. మా బంధువులలో అట్టివారిని వెదకి వెదకి వేసారితిని.

దేశములు తిరుగుట దుబారా యనువారు మన వాఙ్మయమునైన తలపవలెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి, నూఱుమంది పరివారముతో కాశికి పోయి మరుసటి యేట తిరిగివచ్చిరి. వారు మిత్రునకు వ్రాసిన వ్రాతలే తెలుగున యాత్రాచరిత్రమైనవి. ఆ ఖర్చును ఎవ్వరు లెక్కవేయలేదు. పుణ్యమని పేరున్నది గదా. సముద్రము దాటిన బ్రాహ్మణుని ప్రాయశ్చిత్తమడిగిన రోజులును పోయినవి. ఇప్పుడు సముద్రము దాటిన యాడపిల్లకు మాత్రమే ప్రాయశ్చిత్తము మిగిలియున్నది. అదియు జీతము పంపినంతకాలము కాదు, తనకై ఖర్చుపెట్టిన దినమున.

కట్ననిషేధపు చట్టము 1961లో వచ్చినది. ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు నేరములే. అయిదేండ్లకు తగ్గని ఖైదు. కాని కట్నమునకు "కానుక" యని పేరు మార్చినచో చట్టము కన్ను గప్పవచ్చునని మన పెద్దలు కనిపెట్టిరి. 2022వ సంవత్సరములో ఈ దేశమున 6,400కు పైబడి కట్నపు చావులు ప్రభుత్వపు లెక్కలకెక్కినవి. అవి మన పందిళ్లకు దూరమున ఎక్కడనో జరిగినవనుకొనుట మనకు సుఖము.

మేనకోడలి కారు రెండు నెలలకు ఓడమీద అమెరికా చేరినది. ఇప్పటికిని ఆమె దానినే నడుపుచున్నది. మా చెల్లెలు అరువది ఏండ్ల వయస్సులో లైసెన్సు తీసికొనెదనని పట్టుబట్టి, తెల్లవారుజామున పాత కారొకటి తోలుట నేర్చుకొనుచున్నది. ఇక నిశ్చితార్థమన్నది మా యన్నగారి మనుమనిదే. పెట్టుబోతల పట్టికలో కారున్నంతవఱకు ఆ పెండ్లికి రానని ఆయనకు ఉత్తరము వ్రాసితిని. తాంబూలము పుచ్చుకొన్నప్పుడు పళ్లెమునకు నాచేత చేయి వేయించుట మా యింటి ఆచారము. ఈసారి వేయనని కూడ వ్రాసితిని. పదునాఱు దినములైనది. జవాబు రాలేదు.