యంత్రం కన్ను రైతు దాటే చోట పడాలి

ఉభాలు మొదలైనా, కోతలు మొదలైనా మన రెండు జిల్లాల్లో రోడ్ల మీద జనం పెరుగుతారు. తెల్లారకముందే కూలీలు ఆటోలెక్కుతారు. ధాన్యం బస్తాలతో ట్రాక్టర్లు బయల్దేరతాయి. ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, రణస్థలం మీదుగా భోగాపురం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి మన పొలాల మధ్యగానే పోతోంది. ఇల్లు ఓ పక్క, మడి ఓ పక్క ఉన్న రైతులు ఎందరో! పశువుల మేతకైనా, నీరు పెట్టడానికైనా రోజుకు రెండు మూడుసార్లు ఆ రోడ్డు దాటక తప్పదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న మనిషి ఒకవైపు రోడ్డు దాటడానికి ఏడు సెకన్లు పట్టిందనుకుందాం. ఆ ఏడు సెకన్లలో లారీ 150 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. దూరంగా ఉంది కదా అని అడుగు వేసినవాడు మధ్యకు చేరేసరికి బండి మీదికి వచ్చేస్తుంది. చూసుకుని దాటాలన్న సలహా మంచిదే గానీ, ఈ వేగం ముందు అదొక్కటే చాలదు.

2012 నవంబరు 2 తెల్లవారుజామున రణస్థలం మండలం దండానపేట దగ్గర కింజరాపు ఎర్రన్నాయుడు ప్రయాణిస్తున్న కారు ట్యాంకరును ఢీకొంది. కేంద్ర మంత్రిగా పనిచేసిన మన జిల్లా నాయకుడు 55 ఏళ్లకే పోయారు. అంత పెద్ద మనిషికే ఆ రోడ్డు మీద భద్రత లేకపోతే, సైకిలుకు పాలక్యాను తగిలించుకుని వెళ్లే సన్నకారు రైతు మాటేమిటి?

చట్టం ఉంది, సాక్ష్యమే లేదు

చట్టం లేదని అనడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. 2019లో దాన్ని బాగా గట్టిపరిచారు. తాగి నడిపితే మొదటిసారికే 10 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదకరంగా నడిపితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత శిక్షాస్మృతిలో గరిష్ఠంగా రెండేళ్లు ఉండేది. 2024 జులై 1 నుంచి అది అయిదేళ్లయింది.

అయితే వేగం విషయంలో చట్టంలోనే ఒక మెలిక ఉంది. “మేమంతా కళ్లారా చూశాం, విపరీతమైన స్పీడు” అని ఊళ్లో వాళ్లు అంటూ ఉంటారు. ఒక సాక్షి తన అంచనా చెప్పినంత మాత్రాన కేసు నిలవదు. యంత్రం కొలిచిన లెక్క తోడు ఉండాలి. అంటే వేగాన్ని పట్టుకోవాలంటే యంత్రం కావాలని చట్టమే అంటోంది. 2021 ఆగస్టులో కేంద్రం ఇందుకు నిబంధనలు తెచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారుల మీద ప్రమాదాలు, రద్దీ ఎక్కువగా ఉండే చోట్ల స్పీడు కెమెరాలు పెట్టించే బాధ్యత రాష్ట్రాలదే. ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా బండి యజమానికి నోటీసు చేరాలి.

యంత్రానికి మొహమాటం లేదు. బండి ఎవరిదో, దాని వెనక ఎవరున్నారో అది అడగదు. హెల్మెట్ లేదని సంతకు పోయే రైతు మోటారు సైకిలు ఆపి, ఇసుక టిప్పరును వదిలేస్తున్నారన్న బాధ పల్లెల్లో ఉంది. హెల్మెట్ వద్దని ఎవరూ అనరు. జరిమానా బరువు ప్రాణాలు తీసే వేగం మీద ముందు పడాలన్నదే రైతు కోరిక.

డ్రైవరొక్కడే దోషా?

ఒక్క కెమెరాతో పని కాదు. దాని ముందు బ్రేకు వేసి, దాటగానే మళ్లీ తొక్కేస్తారు. రెండు చోట్ల కెమెరాలు పెట్టి, మధ్య దూరానికి బండి ఎంతసేపు తీసుకుందో లెక్క కడితే ఆ ఎత్తు పారదు. పైగా 2015 అక్టోబరు నుంచి తయారైన లారీలకు 80 కిలోమీటర్లు, టిప్పర్లకు, ట్యాంకర్లకు 60 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నరు ఉండాలి. అది పనిచేస్తోందో, వైరు పీకేశారో ఫిట్‌నెస్ పరీక్షలో చూడాలి. అక్కడ కన్ను మూసుకుంటే రోడ్డు మీద ఎన్ని కెమెరాలున్నా దండగే.

వంశధార, నాగావళి ఇసుకైనా, టెక్కలి గ్రానైటైనా ట్రిప్పు లెక్కన కిరాయి అయితే డ్రైవరు పరుగెత్తక ఏం చేస్తాడు? అతనూ చాలాసార్లు ఏ సన్నకారు రైతు కొడుకో. పరిమితి మించి నడిపినవాడినే కాక, తన కింద పనిచేసేవాడి చేత అలా నడిపించినవాడినీ 183వ సెక్షను దోషి అంటుంది. పెద్ద బండికి జరిమానా 2 వేల నుంచి 4 వేలు. యజమాని పేరు కేసులో ఎక్కిన రోజున ట్రిప్పుల లెక్క దానంతటదే మారుతుంది.

మన ఇల్లూ చక్కదిద్దుకోవాలి

ఇతరులను అడిగే ముందు మన బాధ్యత కూడా చూసుకోవాలి. చీకట్లో వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కు రోడ్డుకు అడ్డం పెట్టిన గోడలాంటిది. వెనకా పక్కలా మెరిసే స్టిక్కర్లు అంటించడం పెద్ద ఖర్చు కాదు. మొక్కజొన్న, ధాన్యం రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చి రాత్రి అలాగే వదిలేయడం ఇంకొకరి ప్రాణం మీదికి తేవడమే. దీనికి పంచాయతీ కళ్లాలు కట్టించి ఇవ్వాలని గట్టిగా అడగాలి. సరుకు ట్రక్కులో కూలీలను ఎక్కిస్తే, జరగరానిది జరిగినప్పుడు బీమా కంపెనీ అడ్డం తిరగవచ్చు. అసలు బీమాయే లేకపోతే పరిహారం ఇవ్వలేక ఉన్న అరెకరం అమ్ముకోవాల్సిందే. మీసం రాని కుర్రాడికి స్టీరింగు ఇచ్చే తండ్రులు కూడా తెలుసుకోవాలి. మైనరు తప్పు చేస్తే పెద్దలకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి.

ప్రమాదం జరిగితే

గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చడానికి కేసు భయం వద్దు. సదుద్దేశంతో సాయం చేసినవారికి చట్టం రక్షణ ఇస్తోంది. 2025 మేలో వచ్చిన పథకం కింద ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం అందాలి. గుద్దిన బండి జాడ తెలియకపోతే మృతుడి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు పరిహారం ఉంది. దీనికి తహసీల్దారు లేదా ఆర్డీవో ఆఫీసులో అడగాలి. బండి తెలిస్తే ట్రిబ్యునల్‌లో దావా వేయాలి. ఆరు నెలలు దాటనివ్వకండి.

జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. మీ ఊరి దగ్గర జనం, పశువులు దాటే చోటేదో, అక్కడ ఏ ఏడాది ఎవరు పోయారో గ్రామసభలో రాసి, తీర్మానం చేసి కలెక్టరుకు పంపండి. కెమెరా, హెచ్చరిక బోర్డు, వీధి దీపం అక్కడే కావాలని అడగండి. ఏ చోట ప్రమాదమో ఆఫీసులో కూర్చున్నవారికంటే రోజూ దాటే రైతుకే బాగా తెలుసు. ఆ చోటు కాగితం మీదికి ఎక్కితేనే చట్టం కన్ను దాని మీద పడుతుంది.