మొద్దు ఎవరు?

ప్రతి తరగతిలోనూ ఒక "మొద్దు" ఉంటాడు. నోటితో అడిగితే టకటకా చెబుతాడు. పుస్తకం చేతికిస్తే నీళ్ళు నములుతాడు. ఒత్తులు ఎగరగొడతాడు. 'బ'కి 'భ' రాస్తాడు. మాష్టారు బెత్తం తీస్తారు, తండ్రి బద్ధకమంటాడు. బద్ధకం కాకపోవచ్చు, డిస్లెక్సియా కావచ్చు. అది తెలివితక్కువతనం కానే కాదు.

1995 నాటి వికలాంగుల చట్టం పేర్కొన్న ఏడు వైకల్యాల్లో దీనికి చోటే లేదు. 2016 చట్టం 21 వైకల్యాల్లో దీన్నీ చేర్చింది. పిల్లల్లో దీన్ని వీలైనంత తొందరగా గుర్తించాలంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు కూడా చెప్పింది.

బాగానే ఉంది. కానీ సర్టిఫికెట్టు ఉంటేనే గదా సౌకర్యం! బడిలో గుర్తించేవారే లేకపోతే సర్టిఫికెట్టు కోసం వెళ్ళేదెవరు? పైగా పదో తరగతి పరీక్ష హాల్లో చేసే సాయం రెండో తరగతిలో అందాల్సిన చదువుకి బదులవుతుందా? అక్షరాన్నీ ధ్వనినీ కలిపి, ఓపిగ్గా, మళ్ళీ మళ్ళీ నేర్పాల్సింది అప్పుడు.

మిత్రులారా! మనలో రేపు బి.ఇడి. చేసి పంతుళ్ళయ్యేవారున్నారు. కసరుకునే ముందు ఆ కుర్రవాడి నోటుబుక్కు ఒక్కసారి శ్రద్ధగా చూడండి. అక్షరం మనకి లొంగింది గనక ఈ కాలేజీ గడప తొక్కాం. లొంగనివాళ్ళలో ఎందరో బయటే ఆగిపోయారు. మొద్దులు వాళ్ళా? వాళ్ళకి నేర్పడం చేతకాని మనమా?