ద్వీపములలో కార్తికము

2024వ సంవత్సరమునుండి శ్రీవిజయపురమని వ్యవహరింపబడుచున్న పోర్టుబ్లెయిరునందు కార్తికమాసమున సూర్యుడు సాయంకాలము ఐదు గంటలకే అస్తమించును. ద్వీపములు బహుదూరము తూర్పుననుండగా గడియారము మాత్రము దేశమంతటికిని ఒక్కటియే అగుట ఇందుకు కారణము. 2011 జనాభా లెక్కలనాటికి ఇచ్చటి జనులలో నూటికి సుమారు 13 మంది తెలుగువారు. వారిలో పెక్కురు శ్రీకాకుళ, విశాఖపట్టణ తీరములనుండి వలసవచ్చినవారి సంతతివారు. నక్తవ్రతము పట్టిన ఇల్లాలికి, మబ్బు లేనినాడు, ఐదున్నరకే నక్షత్రదర్శనమై పగటి ఉపవాసము తీరును.

నక్తము, వేకువస్నానము మున్నగు ఈ కార్తికనియమములు కేవలము భక్తిచిహ్నములని తలంచువారితో నేను ఏకీభవింపజాలను. కార్తికమున తుది ఎనిమిది దినములును, మార్గశీర్షమున తొలి ఎనిమిది దినములును యమదంష్ట్రలు, అనగా యముని కోరలు, అనియు, ఆ దినములలో మితాహారియే సుఖముగా బ్రతుకుననియు ఆయుర్వేదగ్రంథమగు శార్ఙ్గధరసంహిత చెప్పుచున్నది. ఋతుసంధిలో పాత ఆహారవిహారములను క్రమముగా విడుచుచు, క్రొత్తవానిని క్రమముగా అలవరచుకొనుమని ఆయుర్వేదాచార్యుడగు వాగ్భటుని బోధ. చీనావారును సూర్యగతిననుసరించి సంవత్సరమును 24 భాగములుగా విభజించి, శరత్తునకు కడపటిదై అక్టోబరు 23 ప్రాంతమున ఆరంభమగు భాగమున పెందలకడ నిద్రించుట, దేహమును వెచ్చగా కాపాడుకొనుట, పొడిగాలికి విరుగుడుగా బేరిపండ్లు తినుట మున్నగు ఆచారములను పాటింతురు. ఆ కాలవిభాగమును యునెస్కో 2016లో మానవజాతి వారసత్వముగా గుర్తించినది.

అయితే, ఆ ఆచారములు పుట్టిన హ్వాంగ్‌హో నదీతీరమున అప్పటికి నేలపై నూగుమంచు పట్టనారంభించును. అండమానులో నైరృతి వర్షము వెనుదిరిగినంతనే ఈశాన్యపు జల్లులు మొదలై, గాలి నిత్యము తడితో బరువెక్కియుండును. ఇచ్చట పొడిగాలికి విరుగుడుతో పనిలేదు. శరత్కాలజలము పగలు సూర్యకిరణములచేతను, రాత్రి చంద్రకిరణములచేతను నిర్మలమగునని వాగ్భటుడు మెచ్చుకొన్నమాట నిజమే. కాని వానలింకను వెలియని చోట ఆ నిర్మలత్వమెక్కడిది? ఆ నీటిని కాచి త్రాగుటయే శాస్త్రాభిప్రాయమునకు అనుగుణమైన పని. ఉప్పునీటి మొసళ్ళు తిరుగాడు కయ్యలలో, సముద్రపుటొడ్డులలో వేకువచీకటిని స్నానమునకు దిగుట పుణ్యము కాదు, సాహసము. ఇంటియొద్ద గోరువెచ్చని నీట స్నానము చాలును. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు వైద్యుని అనుమతిలేక ఉపవసింపరాదు. మిరియములు, శొంఠి వేసిన వేడి చారుతో ప్రొద్దుగ్రుంకగనే భోజనము ముగించుట మాత్రము వ్రతము లేనివారికిని హితమే.

కార్తికపురాణశ్రవణమునకు జనులు కూడినపుడు పురోహితులును, పెద్దలును ఈ మార్పులను నోరారా చెప్పవలెనని నా మనవి. కయ్యలో మునుగనందున వ్రతభంగమగునేమోయని బెంగపడు వృద్ధురాలికి ఆ మాట వైద్యునినుండి వినుటకంటె వారినుండి వినుటయే ఎక్కువ ధైర్యము నిచ్చును.