పాటల రికార్డింగుకి ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా?

ఇంట్లో పాటలు రికార్డు చేయాలి, ఏది కొనాలి అని అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట ఒకటే: ల్యాప్‌టాప్.

డెస్క్‌టాప్ చెడ్డదని కాదు. అదే డబ్బుకి ఎక్కువ పని చేస్తుంది, ఏ భాగం పోతే ఆ భాగమే మార్చుకోవచ్చు. పట్నంలో గది తీసుకుని ముప్పై ట్రాకులు మిక్సింగ్ చేసేవాళ్లు అదే కొనుక్కోండి. కానీ గూడెంలో పాట మధ్యలో కరెంటు పోతే? యూపీఎస్ ఉన్నా కాసేపే. పైగా మన పాట గదిలో ఉండదు. అవ్వ అరుగు మీద పాడుతుంది, డోలి జాతరలో మోగుతుంది. వాళ్లను మీ గదికి రమ్మంటారా? మనమే పోవాలి కదా.

8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే సెకండ్ హ్యాండ్‌దైనా చాలు. బ్యాటరీ మాత్రం చూసి కొనండి. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మంచి మైకు కావాలి. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితం. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంట పాటకి దాదాపు 1 జీబీ పడుతుంది. ఛార్జర్ పెడితే గుయ్‌మంటుందా? తీసేసి బ్యాటరీ మీద నడపండి. ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత మైకుకి అందనంత దూరం పెట్టండి. (రేకుల ఇంట్లో వాన మోత సంగతి నన్నడగొద్దు.)

సమ్మక్క సారలమ్మ కథ పాడిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. మీ ఊళ్లో అలా కథలు గొంతులో మోస్తున్నది ఎవరు? ఈ వారమే వెళ్లి అడగండి. బయటపెట్టొద్దన్న పాట పెట్టకండి. ఒక కాపీ ఆ ఇంటికే ఇవ్వండి.