ఫోన్ దృష్టిలో ఆవిరి ఇంజన్ అంటే ఒట్టి నాయిస్

నేను రాసిన ఫోన్ రివ్యూలు మొన్న ఒకసారి తీసి చూసుకున్నా. కెమెరాకి పది పేరాలు, డిస్‌ప్లేకి నాలుగు, ఛార్జింగ్‌కి మూడు. మైక్‌కి ఒకే ఒక్క లైన్: "కాల్స్‌లో వాయిస్ క్లియర్‌గా ఉంది." ప్రతి రివ్యూలో అదే లైన్, కాపీ పేస్ట్ లాగా. ఆ లైన్ ఎంత పనికిమాలినదో నాకు ఒక రైలు దగ్గర తెలిసింది.

మా తాతయ్య బిట్రగుంటలో స్టీమ్ ఇంజన్ మీద ఫైర్‌మన్‌గా చేశాడు. ఒకప్పుడు అక్కడ పెద్ద లోకో షెడ్ ఉండేది. ఇప్పుడు ఆయనకి చూపు దాదాపు పోయింది. ఎడమ చెవి ఇంజన్ల దగ్గరే పోయింది, కుడి చెవి మాత్రం ఇంకా బానే ఉంది. జనవరిలో ఫ్రెండ్స్‌తో ఊటీ వెళ్తున్నా అని చెబితే, "ఆడ ఇంకా స్టీమ్ బండి ఉండాది గదా అబ్బయా, దాని చప్పుడు పట్టుకురా" అన్నాడు. ఫొటోలు అడగలేదు, వీడియో అడగలేదు. ఓ ఇదెంత పని అనుకున్నా. జేబులో ఉన్నది దాదాపు నలభై వేల ఫోన్.

నీలగిరి మౌంటెన్ రైల్వే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 'దిల్ సే'లో షారుఖ్ పైకెక్కి డ్యాన్స్ చేసింది ఈ రైలు మీదే. మెట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్ల మీటర్ గేజ్ లైన్. 1899లో కూనూర్ వరకు, 1908లో ఊటీ వరకు వేశారు, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కల్లార్ నుంచి కూనూర్ దాకా ఎక్కుడు ఎంత నిటారు అంటే, కొన్నిచోట్ల 12 మీటర్లు నడిస్తే ఒక మీటర్ పైకి వెళ్తాం. మామూలు చక్రాలు జారిపోతాయి కాబట్టి పట్టాల మధ్యలో పళ్లున్న ఇనుప కడ్డీలు వేశారు, ఇంజన్ కింది పళ్ల చక్రం వాటిని పట్టుకుని ఎక్కుతుంది. మన దేశంలో ఇలాంటి లైన్ ఇదొక్కటే. ఇంజన్ నాలుగు సిలిండర్లది. మామూలు చోట రెండే పనిచేస్తాయి. పళ్ల పట్టా మీదికి రాగానే మిగతా రెండూ అందుకుంటాయి, అక్కడి నుంచి చప్పుడే మారిపోతుంది.

మొదటి తప్పు నాదే. వ్యూ కోసం ముందు పెట్టెలో కూర్చున్నా. ఎక్కేటప్పుడు ఇంజన్ వెనక నుంచి నెడుతుందని తెలియదు! ముందు పెట్టెలో వినిపించేది చక్రాల చప్పుడు, టూరిస్టుల కేకలు. హిల్‌గ్రోవ్‌లో నీళ్లకి ఆగినప్పుడు దిగి, వెనక్కి పరిగెత్తి, బండి బయల్దేరేదాకా రికార్డ్ చేశా. ఎదురుగా ఉంటే ఆ చప్పుడు చెవితో కాదు, ఛాతీతో వింటాం. 4కెలో తీశా, చాలా హ్యాపీ.

రాత్రి రూమ్‌లో ప్లే చేస్తే కూత అద్భుతంగా ఉంది. పక్కన మావాడు "రేయ్, బండి కదులుతోంది" అన్న మాట స్టూడియోలో చెప్పినంత క్లియర్‌గా ఉంది. ఇంజన్ మాత్రం లేదు. పక్క గదిలో టేబుల్ ఫ్యాన్ తిరుగుతున్నట్టు ఒక సన్నటి 'ష్...' అంతే. అయినా ఊరెళ్లినప్పుడు తాతయ్య కుడి చెవి దగ్గర పెట్టా. రెండు నిమిషాలు కదలకుండా విన్నాడు.

"కూత బానే ఉండాది. బండేదిరా?"

ఏం చెప్పాలో తెలియలేదు. బెంగళూరు వచ్చాక కూర్చుని చదివా. ఆవిరి ఇంజన్‌లో పని అయిపోయిన ఆవిరి ఒక్కో విడతగా పొగగొట్టంలోంచి బయటికి తన్నుకొస్తుంది. మామూలు రెండు సిలిండర్ల ఇంజన్‌లో చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు దెబ్బలు. మనం 'ఛుక్ ఛుక్' అనేది దాన్నే. ఆ దెబ్బకి స్వరం అంటూ ఉండదు, అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసి ఒకేసారి పేలినట్టు ఉంటుంది. అంటే సిగ్నల్ లెక్కలో చూస్తే అది అచ్చంగా నాయిస్. ఆయిల్‌తో నడిచే ఇంజన్లలో బర్నర్ హోరు కూడా తోడవుతుంది, ఆగకుండా ఒకే తీరున. ఫోన్‌లోని నాయిస్ సప్రెషన్ మోడల్‌కి నేర్పిందేంటి? మనిషి గొంతు ఉంచు, మిగతా హోరు తీసెయ్ అని. కూతకి స్వరం ఉంది కాబట్టి బతికిపోయింది. ఇంజన్ పోయింది. మోడల్ తప్పు చేయలేదు, చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

ఇంకో రెండు దెబ్బలు కూడా ఉన్నాయి. కూత మోగగానే ఆటోమేటిక్ గెయిన్ లెవెల్ దించేస్తుంది, మళ్లీ పైకి తెచ్చేలోపు అసలైన మొదటి నాలుగు దెబ్బలు అయిపోతాయి. గాలి చప్పుడు తగ్గించడానికని కింది ఫ్రీక్వెన్సీలు కోసేస్తారు. ఛాతీలో తగిలేది ఉండేది అక్కడే.

సెట్టింగ్స్ అంతా వెతికా. నా ఫోన్ కెమెరా యాప్‌లో దీన్ని ఆపే స్విచ్ లేదు. ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్, లాగ్ వీడియో, రా ఫొటో... అన్నీ నా చేతికిచ్చారు. సౌండ్ విషయంలో మాత్రం "నువ్వు పక్కకి జరుగు, మేం చూసుకుంటాం" అన్నట్టే. విచిత్రం ఏంటంటే ఆండ్రాయిడ్‌లో 'అన్‌ప్రాసెస్డ్' అనే ఆడియో సోర్స్ 7.0 వెర్షన్ నుంచే ఉంది, అంటే 2016 నుంచి. కాకపోతే అది తప్పనిసరి కాదు, కంపెనీల ఇష్టం. ఒక వీకెండ్ కూర్చుని చిన్న యాప్ రాసి, ఇది సపోర్ట్ చేస్తావా అని నా ఫోన్‌ని అడిగా. లేదంది. సరే అని వాయిస్ రికగ్నిషన్ సోర్స్ వాడా. స్పీచ్ ఇంజన్లకి సౌండ్ వీలైనంత పచ్చిగా కావాలి కాబట్టి అందులో నాయిస్ రిడక్షన్, ఆటో గెయిన్ ఆపి ఉంచమని ఆండ్రాయిడ్ సూచన.

మార్చిలో మళ్లీ వెళ్లా, ఈసారి ఒక్కడినే. ఉదయం 7:10 బండి, చివరి పెట్టె, ఇంజన్ పక్కనే. ఒక చేతిలో నా యాప్‌తో అదే ఫోన్, ఇంకో చేతిలో కొలీగ్ దగ్గర అరువు తెచ్చిన 32-బిట్ ఫ్లోట్ రికార్డర్, దానికి బొచ్చు తొడుగు. ఈ రకం రికార్డర్‌లో గెయిన్ గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, కూతకీ నిశ్శబ్దానికీ రెంటికీ చోటు ఉంటుంది. (చేతులు కిటికీ లోపలే ఉంచండి. సొరంగాలు 16 ఉన్నాయి, గోడలు చాలా దగ్గరగా వస్తాయి.) హిల్‌గ్రోవ్‌లో మళ్లీ అదే చోట నిలబడ్డా.

రికార్డర్ సౌండ్ బాగుంది, అది ఊహించిందే. నాకు కోపం తెప్పించింది ఫోన్ ఫైల్. అదే ఫోన్, అదే మైక్, అదే ప్లాట్‌ఫామ్. ఈసారి బండి ఉంది! రికార్డర్ అంత నిండుగా లేదు, కూత దగ్గర కొంచెం పగిలింది, కానీ దెబ్బలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. అంటే జనవరిలో కూడా మైక్ దాన్ని విన్నది. విని, నాకు ఇవ్వకుండా పారేసింది.

కాల్స్‌లో ఇది ఆపమని నేను అనట్లేదు. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో నిలబడి అమ్మతో మాట్లాడేవాడికి నాయిస్ సప్రెషన్ దేవుడిచ్చిన వరం. కానీ వీడియో తీసే ప్రతిసారీ మాటే ముఖ్యం అని ఎవరు తేల్చారు? 1950ల్లో బ్రిటన్‌లో పీటర్ హ్యాండ్‌ఫర్డ్ అనే సినిమా సౌండ్ రికార్డిస్ట్, బరువైన టేప్ మెషిన్ మోసుకుంటూ పట్టాల పక్కన ఆవిరి ఇంజన్లని రికార్డ్ చేసి, రికార్డులుగా అమ్మాడు. ఈయనకే తర్వాత 'అవుట్ ఆఫ్ ఆఫ్రికా' సౌండ్‌కి ఆస్కార్ వచ్చింది. 1968లో అక్కడ మెయిన్ లైన్ మీద స్టీమ్ ఆగిపోయింది, ఆయన పట్టుకున్న చప్పుడు మిగిలింది. మన దగ్గర బ్రాడ్ గేజ్ మీద రోజువారీ స్టీమ్ 1995లో ఆగింది. బిట్రగుంట చప్పుడు మా ఇంట్లో ఒక్క నిమిషం కూడా లేదు, అప్పుడు ఎవరి దగ్గరా మెషిన్ లేదు. ఇప్పుడు అందరి జేబులో ఉంది, అది చెత్త అనుకుని తుడిచేస్తోంది. మిక్సీ, వాన, మగ్గం, జాతర డప్పు, అన్నిటికీ ఇదే గతి.

నేను అడిగేది చిన్నది. కెమెరా యాప్‌లో రా ఫొటో పక్కనే రా ఆడియో అని ఒక టాగుల్. 48 కిలోహెర్ట్జ్, 24-బిట్ స్టీరియో అంటే గంటకి ఒక జీబీ సుమారు. 4కె వీడియో ముందు అదెంత? ఇక నుంచి నా రివ్యూల్లో మైక్‌కి వేరే సెక్షన్ ఉంటుంది, ఊటీ దాకా వెళ్లకుండానే. ఇంట్లో కుక్కర్ పెట్టండి, విజిల్ వచ్చేముందు ఆవిరి బుసకొడుతుంది కదా, అప్పటి నుంచి విజిల్ ఆగేదాకా వీడియో తీసి ఇయర్‌ఫోన్స్‌లో వినండి. విజిల్ ఉండి బుస లేకపోతే, మీ ఫోన్ కూడా నా ఫోన్ లాంటిదే.

కొత్త ఫైల్ ఏప్రిల్‌లో తాతయ్యకి వినిపించా. మొదట ఫోన్‌ది, తర్వాత రికార్డర్‌ది. రెండోది మొదలయ్యాక చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దన్నాడు. అయిపోయాక కాసేపటికి, "మూడో దెబ్బ తేలిగ్గా పడతా ఉంది. వాల్వ్ చూసుకోమని చెప్పు వాళ్లకి" అన్నాడు. ఎవరికి చెప్పను! ల్యాప్‌టాప్‌లో ఫైల్ తెరిచి వేవ్‌ఫామ్ జూమ్ చేశా. ప్రతి నాలుగింటిలో మూడోది కొంచెం పొట్టిగా ఉంది.