లైసెన్సు యజమానికి, లాఠీ కాపలాదారుకు

మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే యువకుడిది పల్నాడులోని ఈపూరు ప్రాంతం. దళితుడు, ఇంటర్ చదివాడు. పనిలో చేరేముందు శిక్షణ ఏమిచ్చారని అడిగితే, ‘యూనిఫాం ఇచ్చారు సార్’ అన్నాడు. అతడు హాస్యమాడలేదు.

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. దాని కింద కేంద్రం రూపొందించిన నమూనా నియమాల ప్రకారం గార్డుకు కనీసం 20 పనిదినాల్లో 100 గంటల తరగతి బోధన, 60 గంటల క్షేత్ర శిక్షణ ఇవ్వాలి. ఎంత ఏజెన్సీ ఎంత ఇస్తున్నదో గేటు దగ్గర నిలబడి అడిగితే తెలుస్తుంది. అదంతా సక్రమంగా జరిగిందనే అనుకుందాం. ఆ తర్వాత? గార్డుకు ఏటా మళ్లీ నేర్పాలన్న మాట ఆ చట్టంలో లేదు.

నియమాల్లోని పాఠ్యాంశాల్లో భారతీయ శిక్షాస్మృతి, ఆత్మరక్షణ హక్కు ఉన్నాయి. 2024 జూలై 1న ఆ శిక్షాస్మృతే రద్దయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంతకుముందు శిక్షణ పొందిన గార్డుకు తెలిసింది ఇప్పుడు అమల్లో లేని చట్టం. పోలీసు కాని వ్యక్తి ఎవరినైనా పట్టుకుంటే ఆరు గంటల్లోపు అప్పగించాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ గడువు పెట్టింది. ఆ సంగతి ఎరుగని గార్డు, దొంగతనం అనుమానంతో పనిమనిషిని గదిలో కూర్చోబెడితే నేరస్థుడయ్యేది అతడే. ‘పట్టుకో’ అని పై అంతస్తు నుంచి కేకేసిన యజమాని కాడు. అనుమానానికి గురయ్యేదీ, కాపలా కాసేదీ తరచుగా ఒకే వాడలవాళ్లు కావడమే ఇందులోని విషాదం.

కాపలా పని కులానికి కొత్త కాదు. మద్రాసు రాష్ట్రపు 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టంలో మునసబు, కరణాలతోపాటు తలారి, వెట్టి కూడా ఉండేవారు. తండ్రి పని కొడుక్కి. గుంటూరు జిల్లా పెరవలిపాలెం మునసబు పదవి వివాదంలో (గాజుల దశరథ రామారావు కేసు) సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో, వంశం ఆధారంగా ఉద్యోగమివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. పుట్టుక పేర వేసిన తాళం అలా తీశారు. ఇప్పటి కాపలా పనిలో తలుపు మూసే పద్ధతి వేరు.

మన దేశంలో లైసెన్సు ఏజెన్సీకే తప్ప గార్డుకు లేదు. అతడికి దక్కే ఫొటో గుర్తింపు కార్డు కూడా పని మానగానే తిరిగి ఇచ్చేయాలి. పదేళ్ల అనుభవం అతడి పేరున ఎక్కడా నమోదు కాదు. సూపర్‌వైజరు కొలువులో సైన్యంలోనో పోలీసులోనో మూడేళ్లు పనిచేసినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే అంటుంది. నాయకత్వం, నిర్వహణ అనే పాఠం సూపర్‌వైజర్లకు మాత్రమేనని నియమాలు అంటాయి. గార్డుకు నేర్పాల్సిన వాటిలో పోలీసు, సైనిక హోదాల బ్యాడ్జీలను గుర్తించడం ఉంది. ఎవరికి సెల్యూట్ కొట్టాలో తెలియాలి కదా! కనీస వేతన చట్టం, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మాత్రం ఆ పట్టికలో లేవు.

కాలిఫోర్నియాలో గార్డు కార్డు వ్యక్తి పేరునే ఉంటుంది. ఏటా 8 గంటల పునశ్చరణ శిక్షణ తప్పనిసరి. న్యూయార్క్‌లోనూ ఏటా 8 గంటలు. మన గార్డు ఒక్క రాత్రి చేసే పన్నెండు గంటల షిఫ్టులో అది మూడింట రెండు వంతులు. అమెరికాను నెత్తికెత్తుకోవాలని నా ఉద్దేశం కాదు; అక్కడా ఈ పనికి జీతం, గౌరవం తక్కువే. కానీ నేర్చుకున్నది నేర్చుకున్నవాడి పేరున నిలుస్తుంది.

గార్డులు నిలకడగా ఉండరు, శిక్షణ ఖర్చు వృథా అని ఏజెన్సీలు అంటాయి. ఖర్చును గార్డు జీతంలోంచి కోస్తే కొత్త శిక్షణ కొత్త దోపిడీయే అవుతుందన్న భయం నాకూ ఉంది. అందువల్ల ఆ 8 గంటలకు వేతనం చెల్లించాలి. ధ్రువపత్రం ఏజెన్సీ బీరువాలో కాక గార్డు చేతిలో ఉండాలి. కొన్నేళ్ల సేవ, శిక్షణ పూర్తిచేసినవారికి సూపర్‌వైజరు పోస్టుల్లో మాజీ సైనికులతో సమానమైన ప్రాధాన్యం దక్కాలి. రాష్ట్రాలకు సొంత నియమాలు చేసుకునే అధికారాన్ని 2005 చట్టమే ఇచ్చింది. వేతనం, ధ్రువపత్రాల మేరకు ఆంధ్రప్రదేశ్ తన నియమాలను ఇప్పుడే సవరించుకోవచ్చు.