పన్ను పీకించే ముందు రేడియేషన్ సంగతి చెప్పారా?

నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ వచ్చిన కోనసీమ వాళ్లు రేడియేషన్ కోసం పెద్ద ఊళ్లకు వెళ్తారు. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అలాంటి చోటే. ఆరేడు వారాల ట్రీట్‌మెంట్ అయ్యాక ఇంటికొస్తారు. రెండేళ్లకో, నాలుగేళ్లకో పన్ను సలిపితే రాజోలులోనో, కొత్తపేటలోనో క్లినిక్‌కు పోతారు. పాత ఫైలు మాత్రం బీరువాలోనే ఉండిపోతుంది.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఈ క్యాన్సర్లకు సాధారణంగా 60 నుంచి 70 గ్రే దాకా రేడియేషన్ ఇస్తారు. దాంతో దవడ ఎముకలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. రక్తం సరిగా అందని ఎముకకు పన్ను తీసిన గాయాన్ని మాన్పుకునే శక్తి ఉండదు. కొందరిలో చిగురు మూసుకోక ఎముక నెలల తరబడి బయటికి కనిపిస్తూ చచ్చుబడుతుంది. దీన్నే ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. కింది దవడకే ఎక్కువగా వస్తుంది. ముదిరితే దవడ విరగొచ్చు, ఆ ముక్క కోసి తీసేయాల్సి రావచ్చు. ఏళ్లు గడిచినంత మాత్రాన ముప్పు పోదు.

అందరికీ ఇలా అవుతుందని కాదు. బ్రిటన్‌లో ఇలాంటి రోగుల మీద చేసిన హోపాన్ పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. పన్ను తీయడం లాంటి పనుల తర్వాత ఆరు నెలల్లో సుమారు నూటికి ఆరుగురికి ఈ జబ్బు కనిపించింది. ఖరీదైన హైపర్‌బారిక్ ఆక్సిజన్ తీసుకున్నవాళ్లలోనూ దాదాపు అంతే. అప్పు చేసి ఆ ట్రీట్‌మెంట్‌కు పరిగెత్తాలనుకునే కుటుంబాలు ఇది గమనించాలి.

పాడైన పళ్లను రేడియేషన్‌కు కనీసం రెండు వారాల ముందే తీయించుకుంటే గాయం మానడానికి టైమ్ దొరుకుతుంది. అయితే పళ్ల కోసం క్యాన్సర్ వైద్యం ఎక్కువ రోజులు ఆపకూడదు. తర్వాత లాలాజలం తగ్గి పళ్లు త్వరగా పుచ్చుతాయి కాబట్టి ఫ్లోరైడ్ వాడకం తప్పదు. రోజా ఉండాలనుకునేవాళ్లు నోరు ఎండే సంగతి ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. అప్పటికీ పన్ను పాడైతే, పీకకుండా రూట్ కెనాల్‌తో నిలబెట్టొచ్చేమో అడగాలి.

2025-26 కేంద్ర బడ్జెట్ మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామంది. కీమో ఇంటి దగ్గరికొస్తే మంచిదే. కానీ అందులో పంటి డాక్టర్‌కు చోటు లేకపోతే అమలాపురం రోగికి ఈ బెడద అలాగే మిగులుతుంది. రేడియేషన్ ఇచ్చేవాళ్లకు, పన్ను తీసేవాళ్లకు మధ్య ఇవాళ కబురు మోసేది రోగి ఒక్కడే. డిశ్చార్జ్ రోజే ఏ భాగానికి, ఎన్ని గ్రే ఇచ్చారో రాయించుకుని, ఆ కాగితం జిరాక్స్ ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోవాలి.